డేల్‌వి కావు ఈ నాణేలు

భర్త డేల్ పోయిన పదకొండో రోజున వెర్నా హులిక్ ఇంట్లో ఫోన్ మోగింది. మా నాణేల క్లబ్ అధ్యక్షుడు, నాణేల వ్యాపారి గోర్డన్ స్ట్రేయర్. పరామర్శ రెండు ముక్కల్లో ముగించి అసలు సంగతికి వచ్చాడు.

"డేల్ నాణేలు నీకెందుకమ్మా భారం? ఒక రోజు చూసుకుని నేనే వచ్చి తీసుకెళ్తాలే. బయటివాడి చేతిలో పడి మోసపోకు."

వెర్నా అప్పుడు వంటింట్లో నిలబడి, చర్చివాళ్ళు వంటలు తెచ్చిపెట్టిన గిన్నెలు తోముతోంది. ఎవరి గిన్నె ఏదో తెలియక గిన్నె అడుగున పేర్లు వెతుకుతోంది.

"డేల్ నాణేలా? ఏ నాణేలు?"

"అదేనమ్మా, ఆ పెద్ద సెంట్ల సెట్టు."

"అవి నావి."

గోర్డన్ మెత్తగా నవ్వాడు. "అవును మరి, ఇప్పుడు నీవే కదా. అందుకే నిన్ను అడుగుతున్నా."

వెర్నా ఫోన్ పెట్టేసింది. మర్నాడు పొద్దున్నే నా హార్డ్‌వేర్ దుకాణానికి వచ్చి, మేకులు కొనుక్కుంటున్న ఇద్దరు ముసలాళ్ళ ముందు ఈ సంభాషణంతా గొంతు చించుకుని చెప్పింది. చెప్పి, "ఏం క్లెమ్, నీకైనా తెలుసా అవి ఎవరివో?" అంది.

"నాకు తెలీకపోవడమేంటి వెర్నా, అవి నీవే," అన్నాను.

ఆ మాట దుకాణంలో చెప్పడం సులువు. చెప్పాల్సిన చోట చెప్పలేదు. అందుకే ఈ కథ నేను చెబుతున్నాను. వెర్నా మీద ప్రేమతో కొంత, నా మీద నాకున్న కోపంతో ఎక్కువ.

మాది ఓహియో నది ఒడ్డున కార్వర్స్ బెండ్ అనే చిన్న ఊరు. వెర్నా ఇక్కడే పుట్టింది. తండ్రి గాజు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేశాడు. ఆమె ఇరవై మూడో ఏట స్కూలు బస్సు స్టీరింగ్ పట్టుకుని, ముప్పై నాలుగేళ్ళు వదల్లేదు. కొండ మీది ఇళ్ళ దారి ఆమెది. మంచు పడినా, బురద జారినా ఆ దారిలో బస్సు ఆగిన రోజు లేదు. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు, పెద్ద గొంతు. ఇప్పుడు నలభై దాటిన మగాళ్ళు కూడా వీధిలో ఆమె ఎదురైతే నడక సర్దుకుంటారు.

నాణేల పిచ్చి ఆమెకు 1978లో పట్టుకుంది. కొండవతల ఒక పొలం ఇంట్లో సామాన్లు వేలం వేస్తుంటే, కుట్టుపనికి పనికొస్తాయని ఒక గుండీల డబ్బా కొనుక్కుంది. ఇంటికొచ్చి బల్ల మీద బోర్లిస్తే గుండీల మధ్య మూడు రాగి బిళ్ళలు పడ్డాయి. అర డాలరంత వెడల్పు, చాక్లెట్ రంగు, ఒక వైపు ఆడమనిషి తల, ఇంకో వైపు ఆకుల దండ మధ్యన "ఒక సెంటు" అన్న మాట. 1816, 1838, 1851. మన సెంటు ఒకప్పుడు ఇంత ఉండేదా అని ఆమెకు ఆశ్చర్యం. లైబ్రరీకి వెళ్ళి పుస్తకం తెచ్చుకుంది. 1793లో మొదలుపెట్టి 1857 దాకా ఆ పెద్ద సెంట్లు కొట్టారనీ, బ్రిటిష్‌వాళ్ళతో యుద్ధం మూలాన రాగి దొరక్క 1815 ఒక్క ఏడాది కొట్టలేదనీ తెలుసుకుంది. అంటే అరవై నాలుగు సంవత్సరాలు. ఏడాదికొకటి చొప్పున అరవై నాలుగు నాణేలు. ఆ లెక్క పుస్తకం వెనక అట్ట మీద పెన్సిల్‌తో రాసుకున్న రోజే నిర్ణయించుకుంది, అన్నీ సంపాదించాలని.

ఆమెకు కొన్ని పట్టుదలలు ఉండేవి. మెరిసే నాణెం ముట్టుకునేది కాదు. ఎవరి జేబులోనూ తిరగని నాణెం ఆమె దృష్టిలో నాణెమే కాదు. "జనం వాడి వాడి అరగాలి. ఏడాది చదవడానికి వస్తే చాలు," అనేది. తోమిన రాగి చూస్తే ఒళ్ళు మండేది. ఒకసారి ప్రదర్శనలో ఒక వ్యాపారి ఎర్రగా మిలమిలలాడే 1820 సెంటు చూపిస్తే, "దీనికి స్నానం చేయించిన వెధవ ఎవడు?" అని అడిగింది. అతనే అని తర్వాత తెలిసింది. తెలిసినా మాట వెనక్కి తీసుకోలేదు.

డబ్బంతా ఆమె బస్సు జీతంలోంచే. వేసవి సెలవుల్లో బస్సు లేని రెండు నెలలు స్కూలు వంటశాల గోడలకు రంగులు వేసేది, ఆ డబ్బు నాణేలకు. డేల్ రొట్టెల బండి నడిపేవాడు. మంచివాడే. అతనికి తెలిసిన ప్రపంచంలో రెండే వస్తువులు, చేపలూ బేస్‌బాలూ. నాణేల ప్రదర్శనలకు ఆమెను కారులో తీసుకెళ్ళి, తను కారులోనే కూర్చుని రేడియోలో ఆట వినేవాడు. "సెంటు కొనడానికి డాలర్లు ఇస్తున్నావు, ఇదెక్కడి బేరమే?" అని ఆటపట్టించేవాడు. అంతకు మించి ఆ నాణేల జోలికి పోలేదు.

మరి అవి డేల్ నాణేలు ఎలా అయ్యాయి?

1979లో వెర్నా మా క్లబ్‌లో చేరడానికి వచ్చినప్పుడు అప్పటి కార్యదర్శి ఆమె చేత కుటుంబ సభ్యత్వం తీయించాడు. కార్డు మీద "డేల్ హులిక్, భార్య" అని రాశాడు. భార్యకు పేరు కూడా లేదు. వెర్నా కొత్త మనిషి, పద్నాలుగు మంది మగాళ్ళ మధ్య ఒక్కతే, ఏం మాట్లాడకుండా కార్డు తీసుకుంది. ఆ తర్వాత ప్రతి నెలా మీటింగ్‌కు వచ్చింది ఆమె. డేల్ ఏడాదికొకసారి, క్రిస్మస్ విందులో పంది మాంసం కోసం వచ్చేవాడు. ఆ ఒక్క రోజూ అందరూ అతని చుట్టూ చేరి, "ఏంటి డేల్, 1804 దొరికిందటగా?" అని అడిగేవాళ్ళు.

"నన్నడుగుతారేంటయ్యా, మా ఆవిణ్ణి అడగండి," అనేవాడు అతను, నిజంగానే.

మావాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. ఎంత అణకువ మనిషి అనుకునేవాళ్ళు. ఆవిడ పక్కనే నిలబడి ఉండేది.

నేను ఆ క్లబ్‌కు పంతొమ్మిదేళ్ళు కార్యదర్శిని. అగ్నిమాపక కేంద్రం హాల్లో, ఆదివారం మధ్యాహ్నాలు, వెర్నా భూతద్దం కంటికి ఆనించుకుని ఒక్కో నాణెం ఎంతసేపు చూసేదో నాకు తెలుసు. ఏ అచ్చుతో ఏ నాణెం పడిందో ఆకుల దండలో పండ్లు లెక్కపెట్టి చెప్పేది. మా మగాళ్ళలో ఎవరికీ అంత విద్య లేదు. అయినా నేను క్లబ్ పత్రికలో "డేల్ హులిక్ సేకరణ" అనే రాశాను, ఒకసారి కాదు, అయిదారుసార్లు. చెయ్యి అలవాటుగా అలా రాసుకుపోయింది.

డేల్ పోయేనాటికి ఆమె దగ్గర అరవై మూడు నాణేలున్నాయి. మొదటి ఏడాది 1793 నాణెం సగం అరిగి నున్నబడిపోయింది, అయినా ఏడాది కనిపిస్తుంది. దాని కోసం రెండేళ్ళు కొత్త కోటు కొనుక్కోలేదు. అరుదుగా దొరికే ఏడాదుల్లో 1804 ఉంది, 1809 ఉంది, 1823 ఉంది. లేనిది ఒక్కటే, 1799. ఆ ఏడాది సెంట్లు చాలా తక్కువ దొరుకుతాయి, దొరికినా మా బోటివాళ్ళ చేతికి అందవు. ఆమె చేయించుకున్న చెక్క పలకలో ఆ ఒక్క గుంట ఖాళీగా ఉండేది.

ఫోన్ సంగతి జరిగిన నెలకు గోర్డన్ వసంతకాలపు ప్రదర్శనకు కరపత్రం వేయించాడు. "స్వర్గీయ డేల్ హులిక్ జ్ఞాపకార్థం, ఆయన జీవితకాలపు పెద్ద సెంట్ల సేకరణ ప్రదర్శించబడుతుంది." టైపు చేసింది నేనే. వెర్నా ఆ కాగితం పట్టుకుని దుకాణానికి వచ్చింది.

"ఇది నువ్వు టైపు చేశావా?"

"గోర్డన్ చెప్పాడు వెర్నా. నీకు సంతోషంగా ఉంటుందని..."

"నీ చేతులు గోర్డన్‌వా?"

నేను కౌంటర్ మీది మేకులు సర్దడం మొదలుపెట్టాను.

"నేను ముప్పై ఏళ్ళు గోడలకి రంగులేసి కొన్న నాణేలు. ఆ మనిషికి 1793కీ 1893కీ తేడా తెలీదు. ఆయన బతికుంటే ఈ కాగితం చూసి ముందు తనే నవ్వేవాడు. నేను చచ్చాననుకున్నారా మీరంతా?"

ఆ వారమే గోర్డన్ ఆమె ఇంటికి వెళ్ళాడు. ఆమె కోపం మీద నీళ్ళు చల్లే మార్గం అతనికి దొరికింది. జేబులోంచి చిన్న ప్లాస్టిక్ పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. అందులో 1799 సెంటు.

"నా సొంతం. ఇరవై ఏళ్ళుగా ఎవరికీ ఇవ్వలేదు. డేల్ మీద గౌరవంతో నీకిస్తా. బయటి ధరలో సగం చాలు. సెట్టు పూర్తి చేసి ప్రదర్శనలో పెట్టు. డేల్ ఆత్మకి శాంతి."

సగం ధరంటే కూడా వెర్నాకు ఏడాది పొదుపు. కానీ ఆ నాణెం కోసం ఆమె ముప్పై ఏళ్ళు ఎదురుచూసింది. డేల్ గురించి అతనన్న మాట మింగేసి, "వారం రోజులు నా దగ్గర ఉంచు. చూసి చెప్తా," అంది.

తర్వాత నాతో చెప్పింది, ఆ సాయంత్రమే దాన్ని ఖాళీ గుంటలో పెట్టి చూసుకుందట. సరిగ్గా సరిపోయిందట. కుర్చీలో వెనక్కి వాలి అరగంట అలాగే చూస్తూ కూర్చుందట. "చిన్నపిల్లలా ఏడ్చా, తెలుసా? వాడి నాణెం పెట్టుకుని ఏడ్చా. తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది," అంది.

శనివారం పొద్దున ఎండ బాగా వచ్చాక దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి భూతద్దంతో చూసింది. నాణెం అంచు దగ్గర్నుంచి, తల మీద రాసుండే స్వేచ్ఛ అన్న మాటలోని ఒక అక్షరం మీదుగా, ఆడమనిషి జుట్టు దాకా వెంట్రుకంత సన్నటి ఉబ్బుగీత కనిపించింది. అది ఆమెకు తెలిసిన గీత. నాణేలు కొట్టే ఉక్కు అచ్చు పగిలితే, ఆ పగుల్లోకి రాగి దూరి ప్రతి నాణెం మీదా అదే చోట అదే గీత లేస్తుంది. వెర్నా తన పలకలోంచి 1798 సెంటు తీసి పక్కన పెట్టింది. దాని మీదా అదే గీత. అదే చోట మొదలై, అదే చోట చిన్న వంపు తిరిగి, అదే చోట ఆగింది. రెండూ ఒకే అచ్చులో పుట్టిన నాణేలు. ఆ అచ్చు మీద ఉన్న ఏడాది 1798. ఎవడో ఎప్పుడో చివరి ఎనిమిదిని చెక్కి తొమ్మిది చేశాడు.

మధ్యాహ్నానికి రెండు నాణేలూ తీసుకుని నా దుకాణానికి వచ్చి, తలుపు మీది పలక "మూసి ఉంది" వైపుకు తనే తిప్పింది.

"చూడు. ఏం కనిపిస్తోంది?"

చూశాను. చాలాసేపు చూశాను. "రెండిట్లోనూ ఒకటే గీత."

"అంటే?"

"అంటే... ఇది 1798."

"వినపళ్ళేదు."

"ఇది 1798, వెర్నా. అంకె మార్చారు."

"రేపు మీటింగ్‌లో ఇదే మాట చెప్తావా?"

"చెప్తాను."

చెప్పాను అనే మీకు చెప్పాలని ఉంది.

మర్నాడు మీటింగ్‌కు పద్నాలుగు మంది వచ్చారు. కాఫీ, డోనట్లు, పాత కుర్చీలు. వెర్నా నిలబడి, నల్లటి గుడ్డ మీద రెండు నాణేలూ పెట్టి, గీత సంగతి చెప్పింది. ఎవరి మీదా నింద వేయలేదు. "గోర్డన్, నిన్ను కూడా ఎవరో మోసం చేసుంటారు. ఒకసారి చూడు," అంది. అంతకంటే మర్యాదగా ఎవరూ చెప్పలేరు.

గోర్డన్ నాణేలకేసి చూడను కూడా లేదు.

"అమ్మడూ, నేను నలభై ఏళ్ళుగా ఈ వ్యాపారంలో ఉన్నా. నువ్వు చూసింది గీత కాదు, గీతలు. పాత రాగి నిండా గీతలే ఉంటాయి. నీ బాధ నాకర్థమవుతుంది. డేల్ ఉంటే ఇట్టే తెలిసేది ఆయనకి."

హాలు వెనక నుంచి ఎవరో "పాపం" అన్నారు.

వెర్నా మెడ దగ్గర ఎర్రబడడం నాకు కనిపించింది. నా వైపు తిరిగింది. "క్లెమ్. నిన్న నాతో ఏం చెప్పావో వీళ్ళకి చెప్పు."

అందరూ నాకేసి చూశారు. నా దగ్గర ఒక 1804 సెంటు ఉంది. గోర్డనే అమ్మాడు. నా ఆస్తిలో అంత గొప్పగా చెప్పుకునేది ఇంకొకటి లేదు. వెర్నా మాట నిజమైతే దాని గతేమిటి? ఆ ఒక్క క్షణంలో నా బుర్రలో తిరిగింది అదే. నేను కలం మూత తీసి మళ్ళీ పెట్టాను.

"నాకు... అంత స్పష్టంగా కనపళ్ళేదు. దుకాణంలో వెలుతురు తక్కువ."

ఆమె తిట్టలేదు. నాణేలు రెండూ తీసింది. గోర్డన్‌ది గోర్డన్ ముందు పెట్టింది. తనది జేబులో వేసుకుంది. కోటు తొడుక్కుంటూ, "మీలో ఒక్కడు కూడా లేచి భూతద్దం అడగలేదు. గుర్తుపెట్టుకోండి," అని వెళ్ళిపోయింది.

మినిట్స్ పుస్తకంలో నేను రాసింది ఒక్క వాక్యం: "ఒక నాణెం గురించి చర్చ జరిగింది."

ఆమె క్లబ్ మానేస్తుందని అందరూ అనుకున్నాం. నిజం చెప్పాలంటే ఆశపడ్డాం. మరుసటి నెల సరిగ్గా రెండు గంటలకు వచ్చి ముందు వరసలో కూర్చుంది. నేను మినిట్స్ చదవగానే లేచి, "అది అబద్ధం. జరిగింది జరిగినట్టు రాయండి," అంది. గోర్డన్ ఓటింగ్ పెట్టాడు. పన్నెండు మంది మినిట్స్ బాగానే ఉన్నాయన్నారు. కార్యదర్శికి ఓటు లేదు, ఆ సంగతి నాకు హాయిగా అనిపించింది. ఇంటికొచ్చాక మా ఆవిడతో చెబితే, "అయితే అందులో హాయేముంది, పిరికి సన్నాసీ?" అంది. ఆ వారం నాకు సూప్ చల్లారాకే పెట్టింది.

ప్రదర్శన ఏప్రిల్‌లో, మెథడిస్టు చర్చి కింది హాల్లో జరిగింది. వెర్నా పేరు మేం తీసేయలేదు. సెట్టు తెస్తుంది, కరపత్రంలో ఉన్నట్టు పెడుతుంది, గొడవ చల్లారుతుంది అని గోర్డన్ ఊహ. పొద్దున తొమ్మిదికి ఆమె చెక్క పలక మోసుకుంటూ వచ్చి బల్ల మీద నిలబెట్టింది. పది గంటలకల్లా ఆ బల్ల ముందు జనం మూగారు.

గోర్డన్ నన్ను చెయ్యి పట్టుకుని గోడ పక్కకి లాక్కెళ్ళాడు. ముఖం పాలిపోయి ఉంది.

"వెళ్ళి ఆ పలక తీయించు. ఇప్పుడే. కార్యదర్శివి నువ్వు."

వెళ్ళాను. అరవై మూడు నాణేలు, ఒక ఖాళీ గుంట. పక్కన అరచేతి కంటే పెద్దవి రెండు ఫొటోలు. ఒకటి ఆమె 1798, రెండోది గోర్డన్ ఇచ్చిన "1799". వెనక్కి ఇచ్చే ముందే ఫొటో తీసి పెట్టుకుందన్నమాట. రెండిటి మీదా ఆ గీత పక్కన ఎర్ర బాణం గుర్తు. కింద అట్టముక్క మీద ఆమె చేతిరాత:

"ఈ నాణేలు సేకరించింది వెర్నా హులిక్, 1978 నుంచి, తన జీతంతో. డేల్ హులిక్‌కు నాణేలంటే ఇష్టం లేదు. ఆయనకు చేపలంటే ఇష్టం. 1799 ఇంకా దొరకలేదు. నాకు అమ్మజూపినది 1798. ఎవరికి వారు చూసుకోండి." పక్కన దారంతో కట్టిన భూతద్దం.

ఎవరి పేరూ లేదు. అవసరమూ లేదు, ఆ నాణెం గోర్డన్ ఊరంతా చూపించుకున్నదే.

నేను భూతద్దం తీసుకున్నాను. మళ్ళీ చూశాను. పక్కనే వెర్నా చేతులు కట్టుకుని నిలబడింది, నాకేసి చూడడం లేదు. నేను గోర్డన్ దగ్గరికి వెళ్ళి, "తీయను," అన్నాను.

"ఏంటీ?"

"అది 1798. నాకు ఆ రోజే కనిపించింది. అబద్ధం చెప్పాను. తీయను."

గోర్డన్ నన్ను తోసుకుని తనే వెళ్ళి ఆ అట్టముక్క మీద చెయ్యి వేశాడు.

"కూర్చో!"

బస్సులో వెనక సీట్ల దాకా వినిపించే గొంతు అది. హాల్లో ఉన్న సగం మంది ఆ బస్సులో చదువుకోవడానికి వెళ్ళినవాళ్ళే. నా కళ్ళతో చూశాను, నాణేల వ్యాపారులు ముగ్గురు, చర్చి పాస్టరు, డోనట్లు అమ్ముతున్న అమ్మాయి, అందరూ గభాలున కుర్చీల్లో కూలబడ్డారు. గోర్డన్ మాత్రం నిలబడ్డాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నా పేరు మీద చెయ్యి వేశావు, ఊరుకున్నా. నా మొగుడి పేరు వాడుకున్నావు, ఊరుకున్నా. ఇంక చాలు," అంది వెర్నా. "ఆ గీత తప్పంటే తప్పని ఇక్కడ, వీళ్ళందరి ముందు, భూతద్దం పెట్టి చూసి చెప్పు. చెప్పలేవా? అయితే నడువు."

అతను చూడలేదు. నడిచాడు.

తర్వాతి వారాల్లో మావాళ్ళు ఒక్కొక్కరే ఆమె ఇంటికి చేరారు, గోర్డన్ దగ్గర కొన్నవి జేబు రుమాళ్ళలో చుట్టుకుని. ముందుగా వెళ్ళింది గనిలో పనిచేసి రిటైరైన లెస్టర్ పావ్‌లిక్. ఆమె అందరివీ చూసింది. కాఫీ ఇవ్వలేదు. తొమ్మిది నాణేల్లో మూడు చెక్కినవని తేలింది. నాది వాటిలో ఒకటి. దాన్ని అటూ ఇటూ తిప్పి, "అసలైన 1804లో ఏడాదిలోని సున్నాకి సరిగ్గా వెనకాల, దేశం పేరులో మూడో మాట మొదటి అక్షరం రావాలి. నీది ఎక్కడో పక్కకుంది," అంది. ఎనిమిదేళ్ళు దాచుకున్నాను దాన్ని. ఒక్కసారి కూడా తిప్పి చూసుకోలేదు.

"వెర్నా, నన్ను క్షమించు," అన్నాను.

"నీ క్షమాపణ నేనేం చేసుకోను? మినిట్స్ పుస్తకం తెచ్చావా?"

తెచ్చాను. ఆమె చెప్పలేదు, ఊరికే కూర్చుని చూసింది. నేనే రాశాను, ఎవరు ఏమన్నారో, నేను ఏం అబద్ధం ఆడానో, అంతా. రాసిన కిందే, 1979 నుంచి సభ్యురాలు వెర్నా హులిక్ అని కూడా రాశాను. చదివి, "స్పెల్లింగ్ తప్పు," అని ఒకచోట దిద్ది పుస్తకం నా ముందుకు తోసింది.

లెస్టర్ తన నాణెం చూపించుకున్న రోజున, వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, చెమ్మగిల్లిన కళ్ళతో, "డేల్ ఉంటే నిన్ను చూసి ఎంత గర్వపడేవాడో," అన్నాడు. వెర్నా వంటింట్లోంచి చెప్పు విసిరింది. తగల్లేదు.

గోర్డన్ ముగ్గురికీ డబ్బు తిరిగిచ్చాడు, లాయరు ఉత్తరం వెళ్ళాకనే. తనకు తెలియకుండా జరిగిందన్నాడు. అయిదుగురు సభ్యుల్ని వెంటేసుకుని నది అవతల వేరే క్లబ్ పెట్టాడు. వెర్నాకు ఇవాళ్టి దాకా ఒక్క ముక్క క్షమాపణ చెప్పలేదు. రెండేళ్ళ తర్వాత కిరాణా కొట్లో ఎదురుపడి, "జరిగిందేదో జరిగింది, వదిలేద్దాం వెర్నా," అన్నాడట. "ఆ నాణెం నా బల్ల మీద పెట్టినప్పుడు నీకు తెలుసా, తెలీదా?" అని అడిగిందట ఆమె. అతను గుడ్ల అట్ట సర్దుకుంటూ ఉండిపోయాడట. "తెలుసు వాడికి. తెలిసే ఇచ్చాడు," అంది నాతో. ఆ సంగతి చెప్పేటప్పుడు కూడా ఆమె మెడ ఎర్రబడింది.

మా క్లబ్ అధ్యక్షురాలిగా ఉండమని అడిగాం. "మీ కుర్చీలు మీరే సర్దుకోండి," అంది. మీటింగ్‌లకు మాత్రం వస్తుంది. ముందు వరసే. నాతో మాట్లాడుతుంది, అవసరమైనంత.

పోయిన అక్టోబరులో వీలింగ్ అనే ఊరి దగ్గర ఒక నాణేల ప్రదర్శనకు నా కారులో వెళ్ళాం. ఆమెకు కంట్లో పొర ఆపరేషన్ అయి నడపకూడదన్నారు. ఒక బల్ల మీద చెత్త రాగి పళ్ళెంలో, అందరూ వదిలేసినవాటి మధ్య ఒక నాణెం తీసింది. నల్లగా, మట్టిలో ఏళ్ళ తరబడి పడున్నట్టు గుంటలు పడి ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ముప్పావుగంట చూసింది. అచ్చు చూసింది, అంచు చూసింది, తొమ్మిదులు రెండూ చూసింది. నేను ఆమె ముఖం చూశాను. ఏమీ తెలియలేదు. ముప్పై నాలుగేళ్ళు బస్సు నడిపిన ముఖం అది.

తిరిగొచ్చి నాణెం బల్ల మీద పెట్టింది. బల్ల వెనక ఉన్న వ్యాపారి పాతికేళ్ళ కుర్రాడు. చిరునవ్వుతో ఆమె మీదుగా నాకేసి చూశాడు.

"ఏమంటారు సార్? తీసుకుంటారా? మేడమ్‌గారికి కూడా నచ్చినట్టుంది."

నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"ఇటు చూడు బాబూ," అంది వెర్నా. "ఈయనకి మేకులు తప్ప ఏమీ తెలీదు. నాతో మాట్లాడు."

ఆ తర్వాత పావుగంట ఆ కుర్రాడికి చెమట్లు పట్టాయి. గుంటలు ఎన్నో లెక్కపెట్టి చూపించింది, అంచు మీద దెబ్బ చూపించింది, వెనక వైపు ఆకుల దండని సగం మట్టి తినేసిన సంగతి చూపించింది. అది 1799 అవునా కాదా అని మాత్రం ఒక్క మాట అనలేదు. అతను అడిగిన దాంట్లో మూడో వంతు తగ్గించి, తెచ్చుకున్న నోట్లు బల్ల మీద పెట్టి, నాణెం కాగితంలో చుట్టి చొక్కా లోపలి జేబులో వేసుకుని గుండీ పెట్టుకుంది.

కారు ఎక్కాక సీటు బెల్టు కూడా పెట్టుకోలేదు.

"అసలుదేనా?" అన్నాను.

"అసలుదే. మేడమ్‌గారికి కూడా నచ్చిందట! కూడా! విన్నావా? నువ్వు పళ్ళెంకేసి తిరిగి కూడా చూడలేదు, వెధవ డోనట్టు తింటూ నిలబడ్డావు, అయినా వాడికి నువ్వే కనిపించావు. నేనేమన్నా గాజు బొమ్మనా? నా అరవై నాలుగోది అది. ముప్పై ఏడేళ్ళు. ముప్పై ఏడేళ్ళ తర్వాత నా చేతిలోకొస్తే ఆ ఒక్క నిమిషమన్నా నన్ను సంతోషంగా ఉండనిచ్చాడా ఆ గాడిద?"

నది వంతెన దాటేదాకా తిడుతూనే ఉంది. ఆ కుర్రాణ్ణి, గోర్డన్‌ని, 1979 నాటి కార్యదర్శిని, నన్ను, ఇంకా నాకు తెలియని ఎవరెవరినో. మధ్య మధ్య చొక్కా జేబు తడిమి చూసుకుంటూనే ఉంది. నేను బెల్టు పెట్టుకోమని గుర్తు చేస్తే, "నాకు చెప్పొద్దు, రోడ్డు చూసి నడుపు," అంది.